రాసిన చేతే అచ్చువేసింది: వీరేశలింగం అచ్చుకూటం కథ

1874 అక్టోబరులో గోదావరి ఒడ్డున, ధవళేశ్వరంలో ఒక బడిపంతులు పత్రిక ప్రారంభించారు. దాని పేరు వివేకవర్ధని. పంతులుగారి వయసు అప్పటికి ఇరవై ఆరేళ్లు. పత్రికలో రాత చాలావరకు ఆయనదే. అచ్చు మాత్రం మద్రాసులో. తూర్పు తీరం వెంట రైలుమార్గం ఇంకా పడలేదు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెన రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. వ్రాతప్రతి టపాలో మద్రాసు చేరాలి. అక్కడ అక్షరాలు కూర్చి, అచ్చువేసి, కట్టలు కట్టి తిరిగి పంపాలి. రాజమహేంద్రవరం కచేరీలో ఈ నెల జరిగిన అన్యాయాన్ని పాఠకుడు చదివే నాటికి ఆ సంగతి పాతబడిపోయేది. అక్షరదోషం దొర్లితే దిద్దుకునే వీలు దాదాపు లేదు.

మరో చిక్కు కూడా ఉంది. మద్రాసులో పత్రికను అచ్చువేసిన సంజీవనీ ముద్రాక్షరశాల కొక్కొండ వెంకటరత్నం పంతులుగారిది. ఆయన స్వయంగా ఆంధ్రభాషాసంజీవని పత్రికకు సంపాదకులు, గొప్ప పండితులు, సంప్రదాయపక్షానికి గట్టి గొంతు. స్త్రీవిద్య విషయంలోనూ సంఘసంస్కరణ విషయంలోనూ ధవళేశ్వరం పంతులుగారిది సరిగ్గా ఎదురుపక్షం. ఎదిరించవలసిన వారి అచ్చుకూటంలోనే తన మాటను అచ్చొత్తించుకోవడం ఎన్నాళ్లు సాగుతుంది? మరుసటి ఏడాదే మిత్రుల సాయంతో రాజమహేంద్రవరంలో సొంత ముద్రాక్షరశాల వెలిసింది.

ఆ పంతులుగారే కందుకూరి వీరేశలింగం. సంఘసంస్కర్తగా, వితంతు వివాహాల ప్రవర్తకుడిగా ఆయన పేరు తెలియని తెలుగువారు అరుదు. ఆ సంస్కర్త వెనుక ఒక ప్రచురణకర్త ఉన్నారన్న సంగతి మాత్రం అంతగా గుర్తుకు రాదు. ఆయన రాశారు, తానే ప్రూఫులు దిద్దారు, తానే అచ్చువేయించారు, తానే అమ్ముకున్నారు. ఆ పనిలోని ఆశ ఎంతటిదో, దాని ఖరీదు ఎంతో ఆయన జీవితం చెప్పినంత వివరంగా తెలుగులో మరొకరి జీవితం చెప్పదు.

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు జన్మించారు. పసితనంలోనే మశూచి సోకింది. నాలుగేళ్ల వయసులో తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నంగారి సంరక్షణలో, తల్లి చాటున పెరిగారు. ఒంట్లో బలం తక్కువ, చదువు మీద ఆసక్తి ఎక్కువ. పదమూడో ఏట పెళ్లి జరిగింది. అప్పటికి వధువు ఇంకా చిన్నపిల్ల. పుట్టింట ఆమెను బాపమ్మ అనేవారు. అత్తింట రాజ్యలక్ష్మి అయ్యారు. పరీక్షలు ముగించి వీరేశలింగం ఉపాధ్యాయవృత్తిలో కుదిరారు. కోరంగిలో కొంతకాలం పనిచేసి ధవళేశ్వరం బడికి ప్రధానోపాధ్యాయులుగా వచ్చారు.

ఆ రోజుల్లో తెలుగులో పుస్తకం రాసినవారి ముందు దారులు ఎక్కువ లేవు. వెనకటి కవి కావ్యం రాసి కృతిభర్తను వెతుక్కునేవాడు. రాజో జమీందారో అంకితం పుచ్చుకుని సన్మానం చేసేవారు. తాటాకు ప్రతులు చేతులు మారేవి. తెలుగు అచ్చు 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో పుట్టినా, తెలుగు పుస్తకానికి ఇల్లయింది మద్రాసు. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రాచరిత్ర 1838లో అక్కడే అచ్చయింది, అదీ రచయిత కన్నుమూసిన తర్వాత. వావిళ్ల రామస్వామిశాస్త్రులు 1854లో అక్కడే ముద్రణాలయం పెట్టి పురాణాలను, కావ్యాలను పరిష్కరించి అచ్చువేయించే సంప్రదాయానికి పునాది వేశారు. ప్రాచీన గ్రంథానికి ప్రచురణకర్త ఉన్నాడు. బడిపుస్తకానికి ప్రభుత్వం ఉంది. బతికి ఉన్న, పేరు లేని, గోదావరి మండలంలో బడి చెప్పుకునే కవికి తన జీతపు డబ్బే దిక్కు.

వీరేశలింగం మొదట కవిగానే పేరు కోరుకున్నారు. తొలి యౌవనంలో శతకాలు రాశారు. రసికజన మనోరంజనము రాశారు. వాటిని మించిన సాహసం శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము. ఆ పేరే నాలుగు నియమాల పట్టిక. శుద్ధాంధ్రం కాబట్టి సంస్కృత పదం రాకూడదు. నిరోష్ఠ్యం కాబట్టి పెదవులు తాకే ప, ఫ, బ, భ, మ అక్షరాలు రాకూడదు. నిర్వచనం కాబట్టి వచనం లేకుండా అంతా పద్యాలే ఉండాలి. నైషధం కాబట్టి కథ నలదమయంతులది. ఈ నియమాల ప్రకారం కథానాయిక పేరును కవి ఒక్కసారైనా పలకడానికి లేదు. దమయంతి అన్న మాటలో మకారం ఉంది మరి. అమ్మ అనడానికి కూడా లేదు. అయినా కావ్యం పూర్తిచేశారంటే భాష మీద ఆయన పట్టు అంతటిది.

అయితే అటువంటి పుస్తకాన్ని ఎవరు చదువుతారు? పండితులు మెచ్చుకుంటారు, మెచ్చుకునేవారు వేళ్ల మీద లెక్కకు వస్తారు. వారిలో కొని చదివేవారు ఇంకా తక్కువ. పత్రిక పెట్టిన తర్వాత వీరేశలింగం రచనలో వచ్చిన పెద్ద మార్పు ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఆయన పద్యం మానలేదు గానీ ఆయన బలమంతా వచనం వైపు మళ్లింది. ఆ వచనం ఏడాదికేడాది తేటపడుతూ వచ్చింది. దీన్ని కేవలం ఆదర్శంగా చూడనక్కర లేదు. చందా కట్టే పాఠకుడికి అర్థంకాని పత్రిక రెండో ఏడు చందాకు నోచుకోదు. ఆయనకు తేట తెలుగు నేర్పిన గురువులలో చందాదారుడినీ ఒకడిగా లెక్కించవలసిందే.

సొంత ముద్రాక్షరశాల అంటే ఒక యంత్రం, నాలుగు గోడలు కావు. ఇంగ్లీషు అచ్చుకు ఇరవై ఆరు అక్షరాలు, వాటి పెద్దబడి చిన్నబడి రూపాలు, అంకెలు ఉంటే పని నడుస్తుంది. తెలుగుకు ప్రతి హల్లుకూ గుణింతం కావాలి, కింద వత్తులు కావాలి. వందల గదుల్లో సీసపు అచ్చులను వేరువేరుగా సర్దుకోవాలి. కంపోజిటరు వాటిని ఒక్కొక్కటిగా ఏరి, తలకిందులుగా పేర్చి, పుట బిగించాలి. ప్రూఫు తీసి దిద్దాక మళ్లీ విప్పి కట్టాలి. ఆ ఫారం అచ్చయితే తప్ప ఆ అక్షరాలు తర్వాతి ఫారానికి దొరకవు. వాడగా వాడగా సీసం అరుగుతుంది. అరిగిన అక్షరాలకు బదులు కొత్తవి పోతపోయించాలి. కాగితం, సిరా బయటి నుంచి తెప్పించుకోవాలి. పనివారికి నెల తిరిగేసరికి జీతాలు ఇవ్వాలి. పగలు బడి, రాత్రి రాత, నడుమ ప్రూఫులు. ఆ బతుకులో విరామానికి చోటు లేదు. ఆయన ఆరోగ్యం మొదటి నుంచీ అంతంత మాత్రమే.

చట్టం సంగతి మరొకటి. 1867లో వచ్చిన ముద్రణాలయాల, గ్రంథాల నమోదు చట్టం ప్రకారం అచ్చుకూటం పెట్టే వ్యక్తి మేజిస్ట్రేటు ఎదుట వాఙ్మూలం ఇవ్వాలి. అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రాపకుడి పేరు, చోటు కనబడాలి. ఏ కచేరీల లంచగొండితనాన్ని పత్రిక బయటపెడుతున్నదో ఆ వ్యవస్థ గుమ్మంలోనే ఈ పేరు నమోదై ఉంటుంది. మారుపేరు చాటున దాగే వీలు లేదు. వివేకవర్ధని ఈ ప్రమాదాన్ని తెలిసే తలకెత్తుకుంది. రాజమహేంద్రవరంలో ఉద్యోగుల లంచాలు, న్యాయవాదుల మోసాలు, వేశ్యాలోలురైన పెద్దమనుషుల నడత, బాల్యవివాహాలు, కన్యావిక్రయం, మూఢాచారాలు దాని పుటల కెక్కాయి. పత్రిక అంటే ఊళ్లో పెద్దలకు గుబులు పుట్టింది. ఎప్పుడు ఎవరి వంతు వస్తుందో తెలియదు.

ఇదే కాలంలో కొక్కొండవారితో పోటీ సరదాగానూ సాగింది, ఘాటుగానూ సాగింది. ఆంధ్రభాషాసంజీవనికి అనుబంధంగా ఆయన హాస్యవర్ధని పెడితే, వివేకవర్ధనికి అనుబంధంగా వీరేశలింగం హాస్యసంజీవని పెట్టారు. ఎదుటివారి పత్రిక పేరులో సగం తెచ్చి తన హాస్యానికి తగిలించుకోవడంలో ఇద్దరూ ఇద్దరే. చదివేవారికి వినోదం, రాసేవారికి పంతం. ముసలివాడు పసిపిల్లను పెళ్లాడే దురాచారం మీద బ్రహ్మవివాహం, కోర్టుల లోగుట్టు మీద వ్యవహార ధర్మబోధిని ఈ హాస్యధోరణిలో పుట్టినవే. మొదటిదాన్ని జనం పెద్దయ్యగారి పెళ్లి అని, రెండోదాన్ని ప్లీడరు నాటకం అని పిలుచుకున్నారు. రచయిత పెట్టిన పేరును పక్కన పెట్టి పాఠకుడు తన పేరు పెట్టుకున్నాడంటే ఆ పుస్తకం జనంలోకి వెళ్లిందన్నమాటే. 1880లో ఆయన విద్యార్థులే ప్లీడరు నాటకాన్ని రంగం మీద ఆడారు. గ్రాంథికాన్ని గట్టిగా పట్టుకున్న రోజుల్లోనే ఈ ప్రహసనాల్లో వీరేశలింగం ఎవరి భాష వారి నోట పలికించారు.

వివేకవర్ధని పుటల్లోనే 1878లో రాజశేఖర చరిత్రము ధారావాహికగా మొదలైంది. 1880లో పుస్తకమైంది. దీనికి ప్రేరణ ఇంగ్లీషు రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్. వీరేశలింగం మొదట దాన్ని అనువదించబోయి, కొన్ని ప్రకరణాలు అయ్యాక చించివేసి, ధవళేశ్వరం నేపథ్యంగా సొంత కథ అల్లుకున్నారు. ధనం పోగొట్టుకుని అప్పులపాలై కష్టాలు పడి తిరిగి నిలదొక్కుకున్న ఒక కుటుంబం కథ అది. జ్యోతిషం, మంత్రతంత్రాలు, బంధువుల ముఖస్తుతులు, తీర్థయాత్రల మోసాలు అన్నీ అందులో ఉన్నాయి.

ఈ రెండు పుస్తకాలు పాఠకుల చేతికి వచ్చిన తీరులో ఒక తేడా ఉంది. గోల్డ్‌స్మిత్ ఇంటి అద్దె కట్టలేక ఇరుకున పడితే, మిత్రుడు శామ్యూల్ జాన్సన్ ఆ వ్రాతప్రతిని తీసుకువెళ్లి అరవై పౌన్లకు ఒక పుస్తక వ్యాపారికి అమ్మి అప్పు తీర్పించారు. 1766లో పుస్తకం వెలువడింది. తర్వాత అది యూరపు అంతటా ఎన్ని కూర్పులు పొందినా రచయితకు ముట్టింది ఆ తొలి మొత్తమే. నూరేళ్ల తర్వాత రాజమహేంద్రవరంలో వీరేశలింగం తన కథను ఎవరికీ అమ్ముకోనక్కర లేకపోయింది. పత్రిక తనది, అచ్చుకూటం తనది. నష్టం వచ్చినా తనదే, మలికూర్పు వేసే హక్కూ తనదే. 1887లో మిషనరీ హచిన్‌సన్ చేసిన ఇంగ్లీషు అనువాదం లండన్‌లో వెలువడింది. గోల్డ్‌స్మిత్ దేశానికి కథ ఆ విధంగా కొత్త రూపంలో తిరిగి చేరింది.

సొంతంగా ప్రచురించుకునేవారికి ఒక బలహీనత ఉంటుంది. పుస్తకాన్ని లోకానికి పరిచయం చేసే పెద్దమనిషి మరొకరు లేనప్పుడు ఆ పని తామే చేసుకోవలసి వస్తుంది. వీరేశలింగం తన రచనలను గురించి రాసేటప్పుడు ఫలానా ప్రక్రియలో తెలుగున ఇదే మొదటిదని చెప్పుకోవడానికి సంకోచించలేదు. నవల విషయంలో ఆ మాట వివాదమైంది. నరహరి గోపాలకృష్ణమ సెట్టి శ్రీరంగరాజ చరిత్ర 1872లోనే వచ్చింది. ఏది తొలి నవల అన్న చర్చ సాహిత్య చరిత్రకారుల నడుమ ఇప్పటికీ ముగియలేదు. వీరేశలింగం తన పుస్తకాన్ని వచన ప్రబంధం అన్నారు. నవల అన్న మాటను వాడుకలోకి తెచ్చిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ఆ పుస్తకం మీదనే సుదీర్ఘ విమర్శ రాశారు. అందులో మెప్పు కంటే తప్పులు పట్టడమే ఎక్కువ. వీరేశలింగం వాదానికి దిగారు. తన తప్పును ఒప్పుకోవడంలో ఆయనకు ఉదారత ఉన్నంతగా, ఎదుటివారి విమర్శను సహించే ఓర్పు ఉన్నదని చెప్పలేం.

1879 ఆగస్టులో వీరేశలింగం వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనంటూ రాజమహేంద్రవరంలో ఉపన్యసించారు. ఉపన్యాసం గాలిలో కలిసిపోలేదు. అచ్చయి ఊరూరా చేరింది. పండితులు ఖండనలు రాశారు. ఖండనలకు ప్రతిఖండనలు అచ్చయ్యాయి. సొంత అచ్చుకూటం విలువ ఆయనకు పూర్తిగా తెలిసివచ్చింది అప్పుడే అనుకోవాలి. ఆ సమయంలో మద్రాసు మీద ఆధారపడి ఉంటే సమాధానం వెళ్లేలోగా వాదం చల్లారిపోయేది.

1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుకు, బాలవితంతువు గౌరమ్మకు వీరేశలింగం ఇంట వివాహం జరిగింది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య ఆర్థికంగా అండ నిలిచారు. ఊరు మాత్రం వెలివేసింది. వంటవారు రామన్నారు. నీళ్లు మోసేవారు మానేశారు. రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకువచ్చి, పెళ్లివారికి వండిపెట్టారు. ఆ ఇంట్లో తర్వాత కూడా ఎందరో వితంతువులకు ఆశ్రయం దొరికింది. వారి ఆలనాపాలనా ఆమెదే. భర్త పుస్తకాల మీద ఆమె పేరు లేదు. ఆయన పగలు బడిలోనూ రాత్రి ప్రూఫుల ముందూ కూర్చోగలిగారంటే ఇంటి బరువు మొత్తం ఎవరు మోశారో వేరే చెప్పనక్కర లేదు. ఈ దంపతులకు సంతానం లేదు.

ఇంతకీ పుస్తకాలు ఆయనకు అన్నం పెట్టాయా? పూర్తిగా పెట్టలేదనే చెప్పాలి. అచ్చుకూటం వచ్చాక కూడా వీరేశలింగం ఉపాధ్యాయవృత్తి మానలేదు. రాజమహేంద్రవరం కళాశాలలో తెలుగు పండితులుగా చాలా ఏళ్లు పనిచేశారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పనిచేశారు. నెలజీతం రాతను పోషించింది. రాత జీతానికి బదులు కాలేకపోయింది. ఆనాటి పత్రికలన్నిటినీ పీడించిన జబ్బు ఒకటుంది. చందాదారులు పత్రిక తెప్పించుకుంటారు, చదువుతారు, డబ్బు మాత్రం పంపరు. వివేకవర్ధని మాసపత్రికగా పుట్టి, పక్షపత్రికగా మారి, వారపత్రికగా ఎదిగింది. అంత పేరు తెచ్చుకున్నా కలకాలం నిలవలేదు. 1891లో న్యాపతి సుబ్బారావు చింతామణి మాసపత్రికను స్థాపించినప్పుడు వీరేశలింగం సంపాదకత్వ భారం వహించారు. ఖర్చు భారం మరొకరి మీద ఉండటం ఎంత ఊరటో అప్పటికి ఆయనకు బాగా తెలుసు.

కాస్త నిలకడగా రాబడి తెచ్చినవి బడి పుస్తకాలు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం రాసి ఆపిన చోట వీరేశలింగం అందుకుని విగ్రహం, సంధి రాశారు. వ్యాకరణం, నీతికథలు, శాస్త్రవిషయాలు, జీవితచరిత్రలు విద్యార్థుల కోసం రాశారు. ఇటువంటి పుస్తకానికి పాఠకుడిని వెతకనక్కర లేదు. బడే పాఠకుడిని తెచ్చి ఇస్తుంది. నిరోష్ఠ్య కావ్యం రాసిన చేతితో పిల్లల వాచకాలు రాయడం చిన్నతనమని ఆయన అనుకోలేదు. ఆ పని పుస్తక వ్యాపారాన్ని నిలబెట్టింది. మిగిలిన పుస్తకాల నష్టాన్ని కొంత పూడ్చింది.

పుస్తకం వేసినంతనే సరిపోదనీ, చదివేవారిని కూడా తయారుచేయాలనీ వీరేశలింగం మొదటే పసిగట్టారు. వివేకవర్ధని పుట్టిన 1874లోనే ధవళేశ్వరంలో బాలికల పాఠశాల కూడా పుట్టింది. ఇవి రెండు వేరు పనులుగా మనకు కనిపిస్తాయి గానీ ఆయనకు రెండూ ఒకటే. ఆడపిల్లకు చదువు వస్తే తప్ప స్త్రీల కోసం రాసిన పుస్తకానికి పాఠకురాలు ఉండదు. 1883లో స్త్రీల కోసమే సతీహితబోధిని పత్రిక ప్రారంభించారు. దేహారోగ్యం మీద, ఇంటి నిర్వహణ మీద, పతివ్రతల కథల మీద, ప్రసిద్ధ స్త్రీల జీవితాల మీద ఆయన రాసినవాటికి ఆ బడుల్లో అక్షరాలు దిద్దిన పిల్లలే పాఠకులు. ఆ రచనల్లో కొన్ని ఇవాళ చదివితే ఉపదేశం మోతాదు మించిందనిపిస్తుంది. స్త్రీని స్వతంత్ర వ్యక్తిగా కంటే ఉత్తమ గృహిణిగా తీర్చిదిద్దాలన్న తపనే వాటిలో ఎక్కువ. అయినా ఆ కాలంలో ఒక తెలుగు ఇల్లాలిని ఉద్దేశించి నేరుగా మాట్లాడిన అచ్చు పుటలు ఎన్ని?

ఆయన తెరిచిన దారిలో నడిచినవారు రాజమహేంద్రవరంలోనే తయారయ్యారు. చింతామణి పత్రిక నవలల పోటీలు పెట్టింది. కొత్త రచయితకు బహుమతీ దొరికింది, అచ్చులో చోటూ దొరికింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం రామచంద్ర విజయం ఆ పోటీలో 1894లో బహుమతి పొందింది. చూపు మందగించి, ఇతరుల చేత రాయించవలసి వచ్చినా చిలకమర్తి కూడా తర్వాతి కాలంలో సొంతంగా పత్రిక, ముద్రణాలయం నడిపారు. రచయిత అంటే అచ్చుకూటం కూడా ఉన్నవాడన్న భావం ఆ ఊళ్లో ఒక తరం పాటు సహజంగా చెల్లింది.

సొంత ప్రచురణలోని మంచిచెడ్డలు రెండూ కనబడే గ్రంథం ఆంధ్రకవుల చరిత్రము. నన్నయ నుంచి తన కాలం దాకా కవుల వివరాలను, కాలాలను, గ్రంథాలను సేకరించి వీరేశలింగం భాగాలుగా వెలువరించారు. గురజాడ శ్రీరామమూర్తి కవిజీవితములు అంతకు ముందే ఉన్నా, శాసనాలను, గ్రంథాల లోపలి ఆధారాలను చూసి కాలనిర్ణయం చేయాలన్న పద్ధతికి వీరేశలింగం గ్రంథం పెద్ద ఊతమిచ్చింది. తొలికూర్పులో పొరపాట్లు దొర్లాయి. కొత్త శాసనాలు, కొత్త తాళపత్రాలు బయటపడేకొద్దీ పాత నిర్ణయాలు నిలవలేదు. మరొకరి ప్రచురణాలయం అయితే అమ్ముడుపోతున్న పుస్తకాన్ని కదిలించడానికి ఒప్పుకునేది కాదేమో. వీరేశలింగం డెబ్బయ్యో ఏటికి చేరువై కూడా దాన్ని తిరగరాయడానికి కూర్చున్నారు. తాను వేసినదాన్ని తప్పని తానే కొట్టివేసి మళ్లీ అచ్చుకు ఇవ్వగలగడం సొంత ప్రచురణకర్తకు మాత్రమే దక్కే స్వేచ్ఛ.

1893లో ప్రభుత్వం రావుబహదూర్ బిరుదు ఇచ్చింది. మహాదేవ గోవింద రానడే ఆయనను దక్షిణదేశపు విద్యాసాగరుడిగా కొనియాడారు. రాజమహేంద్రవరంలో జనం కూర్చుని మాట్లాడుకునేందుకు ఆయన కట్టించిన పురమందిరం 1890 నాటిది. తన రచనలన్నిటినీ సంపుటాలుగా కూర్చి బతికుండగానే ప్రచురించుకున్నారు. స్వీయచరిత్రము మొదటి భాగం 1911లో, రెండో భాగం 1915లో వెలువడ్డాయి. తెలుగులో ఆత్మకథ అన్న ప్రక్రియకు అదే పెద్ద ప్రారంభం. చేసిన పనులతో పాటు పడిన పాట్లు, అప్పులు, మిత్రులతో కలహాలు, చివరికి వదంతులు కూడా అందులో ఉన్నాయి. మొదటి భాగం వచ్చేనాటికి రాజ్యలక్ష్మమ్మ లేరు. 1910 ఆగస్టులో ఆమె కన్నుమూశారు. అప్పటి నుంచి ఆయన ఒంటరి.

పుస్తకాల మీద, ఉద్యోగం మీద కూడబెట్టినదాన్ని వీరేశలింగం ఎవరికీ వారసత్వంగా మిగల్చలేదు. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తిని దానికి రాసి ఇచ్చారు. వితంతు శరణాలయం, పాఠశాల ఆ సమాజం నీడన నడిచాయి.

భాష విషయంలో ఆయన చివరి అడుగు చాలామంది ఊహించనిది. గ్రాంథిక, వ్యావహారిక వాదాలు ముదిరినప్పుడు ఆయన చాలాకాలం గ్రాంథికం పక్కనే కనిపించారు. గిడుగు రామమూర్తి వాదంలోని బలం క్రమంగా ఆయనను కదిలించింది. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులుగా నిలిచారు. శుద్ధాంధ్ర నిరోష్ఠ్యంతో మొదలైన ప్రయాణం ఇంటి భాష దగ్గరికి చేరడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ఆ తర్వాత మూడు నెలలకు, 1919 మే 27న మద్రాసులో, కొమర్రాజు లక్ష్మణరావుగారి వేదవిలాస్ గృహంలో వీరేశలింగం కన్నుమూశారు. ఆతిథ్యమిచ్చిన కొమర్రాజువారు విజ్ఞానచంద్రికా మండలి ద్వారా తెలుగు పుస్తక ప్రచురణకు కొత్త బాట వేసినవారు. ఒక వ్యక్తి జీతం మీద, ఒక ఇంటి కష్టం మీద నడిచిన ప్రచురణ అప్పటికి మండళ్ల చేతికి, సభ్యుల చందాల మీదకు మారుతోంది. కవుల చరిత్ర దిద్దుబాటు ఆయన చివరి ఏళ్ల పని. ఆయన పుస్తకాల తర్వాతి కూర్పుల్లో ప్రచురణకర్త పేరు ఉండే చోట హితకారిణీ సమాజం, రాజమహేంద్రవరం అని అచ్చయి ఉంటుంది.